వావిలాలవారి ఇరువదియేండ్లు: శాసనసభాధ్యక్షులవారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ శాసనసభాధ్యక్షులవారి సముఖమునకు, పల్నాడు జిల్లా ఓటరు ఒకడు వ్రాసికొను విజ్ఞప్తి.

అయ్యా,

శాసనసభకు పోటీచేయగోరు ప్రతి అభ్యర్థియు నామినేషనుతోపాటు ఇరువదియారవ ఫారమనబడు ప్రమాణపత్రమును నోటరీ సమక్షమున సంతకము చేసి ఎన్నికల అధికారికి సమర్పించుచున్నాడు. ఆ పత్రములో తనపేరను, భార్య లేక భర్త పేరను, తనపై ఆధారపడినవారి పేరను బ్యాంకులో నిలువ యెంత, బంగారమెంత, వాహనములెన్ని, సేద్యపు భూమి ఏ సర్వేనెంబరులో ఎన్ని యెకరములు, ఇండ్లెచ్చట, అప్పులెంత, కోర్టులలో నడచుచున్న కేసులేవి, శిక్షలేవైన పడియున్నచో అవి యేవి, ఏ చదువు ఏ సంవత్సరమున ఎచ్చట ముగిసినది అను వివరములన్నియు గడిగడికిని నింపియుండవలెను. ఒక్క గడి ఖాళీగా విడిచినను ఆక్షేపణకు తావిచ్చినట్లే. ఈ పత్రము ఊరక వచ్చినది కాదు. అభ్యర్థి పూర్వాపరములు తెలిసికొను హక్కు ఓటరునకు రాజ్యాంగమిచ్చిన భావప్రకటన స్వాతంత్ర్యములో అంతర్భాగమేయని 2002వ సంవత్సరము మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ హక్కును కుదింపజూచిన శాసనసవరణను 2003 మార్చిలో అదే న్యాయస్థానము కొట్టివేసినది. తప్పుడు వివరములిచ్చినవారికి ప్రజాప్రాతినిధ్య చట్టము 125ఎ సెక్షను ప్రకారము ఆరునెలలవరకు జైలుశిక్ష పడవచ్చును. ఇది పౌరులు పోరాడి సంపాదించుకొనిన హక్కు. దీని విలువను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు.

సభ్యునిగూర్చి మాకు లభించు రెండవ కాగితము, శాసనసభా కార్యాలయములు ప్రచురించు జీవితసంగ్రహము. అందు పుట్టిన తేది, తల్లిదండ్రుల పేర్లు, చదువు, వృత్తి, సంతానము, వహించిన పదవులు, చిరునామా ఉండును. పదవుల వరుసయే ఆ సంగ్రహమునకు వెన్నెముక: సర్పంచి, మండలాధ్యక్షుడు, జిల్లా పరిషత్తు సభ్యుడు, శాసనసభ్యుడు, మంత్రి. చదివినవారికి ఆ వ్యక్తి ఎచ్చోటనుండి ఎచ్చోటికి ఎక్కెనో తెలియును. ఎక్కినచోట ఏమి చేసెనో తెలియదు.

మా పల్లెలలో భూమికి రెండు కాగితములుండెడివి. పట్టా చూచినచో పొలము ఎవరిదో తెలియును. అడంగలు చూచినచో ఆ పొలములో ఆ యేడు ఏ పైరు వేసిరో, ఏ నీటితో పండించిరో, ఎంత బీడుపెట్టిరో తెలియును. అభ్యర్థి ప్రమాణపత్రమును, సభ్యుని జీవితసంగ్రహమును కలిపి చూచినను మాకు దక్కునది పట్టామాత్రమే. అయిదేండ్ల సేద్యమునకు అడంగలు వ్రాయవలసినవారు తాము. ఏలయనగా ఆ సేద్యము జరిగినది తమ సభలో. దాని చిట్టా ఉన్నది తమ కార్యాలయములో. ప్రతి శాసనసభ్యునికిని, నేటివారికేగాక నిన్నటివారికిని, సభలో వారు చేసిన పనిని పేరుపేరున కూర్చిన ఒక కార్యచరిత్రను తమ కార్యాలయము సిద్ధపరచి ప్రజలకు అందజేయవలెనని ప్రార్థించుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

ఈ మాటను గాలిలో చెప్పుటకంటె ఒక మనుష్యుని జీవితమునందు నిలిపి చెప్పుట మేలు. తమ సభ నేడు సమావేశమగుచున్న వెలగపూడికి అట్టే దూరములేని సత్తెనపల్లినుండి ఇరువది సంవత్సరములు శాసనసభకు వెళ్లివచ్చిన వావిలాల గోపాలకృష్ణయ్యగారిని తమకు జ్ఞప్తి చేయుచున్నాను. ఆయన 1906 సెప్టెంబరు 17వ తేదీన సత్తెనపల్లిలో జన్మించి, 2003 ఏప్రిలు 29వ తేదీన, తొంబదియారేండ్లు నిండినపిమ్మట దివంగతులైరి. గాంధీమహాత్ముని పిలుపువిని స్వాతంత్ర్యోద్యమములో దిగి చెరసాలకు వెళ్లినవారు, గ్రంథాలయోద్యమములో ఊరూరు తిరిగినవారు, విశాలాంధ్రమును కోరినవారు. ఖద్దరు కట్టి, భుజమునకు సంచి తగిలించుకొని, బస్సుకొఱకు నిలుచుండు ఆ రూపమును గుంటూరు జిల్లాలో రెండు మూడు తరములవారు ఎఱిగియుండిరి. ఆంధ్రాగాంధీయని జనము పిలుచుకొనిరి. 1992లో భారతప్రభుత్వము ఆయనకు పద్మభూషణ పురస్కారమిచ్చినది.

ఇంతవరకు అందరికిని తెలిసినదే. విగ్రహావిష్కరణలలోను, జయంతి సభలలోను ఇదే చెప్పుదురు, నిరాడంబరతను పొగడుదురు, సంచిని గూర్చి చెప్పుదురు. ఆ సంచిలోని కాగితములను గూర్చి చెప్పువారు అరుదు. శాసనసభ్యత్వమే ఆయన నడివయస్సుయొక్క ముఖ్యకార్యమైయుండగా, ఆ కార్యమే ఆయన జీవితచరిత్రములో ఒక్క వాక్యమునకు కుదించుకొనిపోయినది: నాలుగు పర్యాయములు శాసనసభకు ఎన్నికైరి. నా బాధ యంతయు ఆ ఒక్క వాక్యమును గూర్చియే.

ఆ నాలుగు పర్యాయములు ఎట్టివో చిత్తగింపుడు. 1952లో తొలిసారి గెలిచినప్పుడు ఆయన వెళ్లినది మదరాసునకు. 375 మంది సభ్యులుగల ఆ యుమ్మడి సభలో తెలుగువారు, తమిళులు, మలయాళులు, కన్నడిగులు కలసి కూర్చుండిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వేరుపడగా, తెలుగుప్రాంతమునుండి ఎన్నికైన 140 మంది సభ్యులతో కర్నూలులో కొత్తసభ కొలువుదీరినది. ఆయనయు కర్నూలు చేరిరి. 1955 ఎన్నికలలో కమ్యూనిస్టుపక్షము 196 స్థానములలో 15కు పడిపోయినది. ఆ పక్షము మద్దతుతో నిలిచిన స్వతంత్రులకు అది గడ్డుకాలము. అట్టి గాలికి ఎదురునిలిచి సత్తెనపల్లి ఓటర్లు ఆయననే మరల పంపిరి. మరుసటి సంవత్సరము నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సభ హైదరాబాదునకు తరలెను. 1957లో తెలంగాణమునందు మాత్రమే ఎన్నికలు జరిగి, ఆంధ్రప్రాంతపు సభ్యులు 1962వరకు కొనసాగిరి గనుక, ఆ రెండవ గెలుపు ఏడేండ్లపాటు నిలిచినది. 1962లోను, 1967లోను మరల ఆయనయే. ఈ విధముగా మూడు నగరములలో, మూడు రాష్ట్రముల పేర, ఒకే నియోజకవర్గము పక్షమున, ఏ మంత్రిపదవియు లేక, స్వతంత్రునిగా సభలో నిలిచినవారు తెలుగుదేశమున ఎందరున్నారు?

స్వతంత్రునిగా అను మాటను నేటి సందర్భమున కొంచెము ఆగి యోచింపవలసియున్నది. పక్షమునకు చెందిన సభ్యునికి విప్పు ఉండును. 1985లో పదవ షెడ్యూలు వచ్చిననాటినుండి విప్పును ధిక్కరించినచో సభ్యత్వమే పోవచ్చును. ఏ బిల్లునకు ఏ వైపు చేయెత్తవలెనో పక్షకార్యాలయము నిర్ణయించును. స్వతంత్రునికట్టి ఆసరా లేదు, అట్టి బంధమును లేదు. ప్రతి బిల్లును తానే చదువుకొనవలెను, ప్రతి పద్దుపై తన నిర్ణయమును తానే చేసికొనవలెను, మాటలాడుటకు పక్షముల వాటాలు పోగా తనకు దక్కు కొలదిపాటి కాలమునకై అధ్యక్షునివైపు చూచుచు కూర్చుండవలెను. ఇట్లు ఇరువదియేండ్లు కూర్చుండిన మనుష్యుని పని పక్షచరిత్రలలో ఎక్కడను చేరదు. ఏ పక్షమును ఆయన శతజయంతి సంచికను తన పేర వేసికొనదు. సభయే ఆయనకు పక్షము. ఆయన చరిత్రను సభ వ్రాయనిచో మరియెవ్వరు వ్రాయుదురు?

మా ప్రాంతమునకు నీరువచ్చిన కథను తీసికొనుడు. కృష్ణాజలములను పెన్నకు మళ్లించి దక్షిణమునకు కొనిపోవ తలపెట్టిన కృష్ణా–పెన్నారు పథకముపట్ల గుంటూరు, పల్నాడు ప్రజలలో ఆందోళన బయలుదేరినప్పుడు, నందికొండవద్ద ఆనకట్ట కట్టవలెనని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు తమ ధనమును, కాలమును ధారపోసిరి. ఖోస్లాగారి సంఘము 1952లో ఆ స్థలమును పరిశీలించినది. ఆ సాధనోద్యమములో వావిలాలవారును ఒకరు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు అచ్చట నాగార్జునసాగరునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరువదలిరి. ఈ రెండు తేదీలను బడిపిల్లలును చెప్పుదురు. కాని ఆ రెండింటినడుమ దాదాపు పండ్రెండేండ్లు గడచినవి. పండ్రెండు బడ్జెట్లు వచ్చినవి. ప్రతి బడ్జెట్టులోను నీటిపారుదల పద్దు సభముందుకు వచ్చి, దానిపై చర్చ జరిగి, డబ్బు మంజూరైనది. పెద్దల ఉపన్యాసములు శంకుస్థాపననాడు వినబడును. రైతు పొలమునకు నీరు చేరుట మాత్రము పద్దులలోని అంకెలమీద, వాటిని నిలదీసిన ప్రశ్నలమీద ఆధారపడియుండును. కుడికాలువ క్రింది మెట్టపొలములు తడిసినవనగా, ఆ పండ్రెండేండ్లును సభలో ఎవరు ఏమడిగిరో, ఏ హామీ వచ్చినదో, ఏ హామీ జారిపోయినదో తెలిసికొను హక్కు ఆ నీటితో పండించుకొనుచున్న మాకు లేదా?

శాసనసభలో ఒక్క ప్రశ్న ఎట్లు నడచునో బయటివారు సామాన్యముగా ఎఱుగరు. నియోజకవర్గములో ఒకచోట కాలువగట్టు తెగినదనుకొందము. సభ్యుడు దానిని స్వయముగా చూచివచ్చి, తూము ఏది, ఎప్పుడు తెగినది, మరమ్మతుకు ఎంత మంజూరైనది, పని ఎందులకు మొదలుపెట్టలేదు అని (అ), (ఆ), (ఇ) లుగా విడదీసి నక్షత్రగుర్తుగల ప్రశ్నగా వ్రాసి నోటీసు ఇచ్చును. తమ కార్యాలయము దానిని పరిశీలించి అంగీకరించినచో అది సంబంధిత శాఖకు పోవును; అచ్చటనుండి చీఫ్ ఇంజనీరునకు, ఆయననుండి క్రిందికి దిగిదిగి తుదకు ఆ కాలువగట్టునకు బాధ్యుడైన అసిస్టెంటు ఇంజనీరు బల్లపైకి వచ్చును. అప్పటివరకు ఎవ్వరును తెరువని ఫైలు తెరుచుకొనును. జవాబు వచ్చిన దారినే మరల పైకి ఎక్కి, మంత్రిగారి నోట, అవునండి, లేదండి, ప్రశ్న ఉత్పన్నము కాదు, అను మూడు మాటలలో ఏదో ఒకటిగా బయటపడును. తెలియనివాడు ఆ పొడిమాటలు విని నిరుత్సాహపడును. అసలు సంగతి అటుపిమ్మట వచ్చు అనుబంధ ప్రశ్నలలో ఉన్నది. ఉత్పన్నము కాదన్న జవాబు ఎందుకు చెల్లదో లేచి చూపగల సభ్యునికి ఆ కాలువ తెలిసియుండవలెను, నిబంధనలు తెలిసియుండవలెను, మంత్రి క్రిందటి సమావేశములో ఏమనెనో జ్ఞాపకముండవలెను. అప్పుడుగాని, పరిశీలింతుమను మాట మంత్రినోట రాదు. ఆ మాట వచ్చినచో అది ప్రభుత్వహామీల సంఘము పద్దులో చేరును. ఇక ఆ శాఖకు తప్పించుకొను దారి సన్నగిల్లును. ఓటరుకు కనబడక జరిగిపోవు సేవ ఇది. ఫోటోకు అందదు. ఫ్లెక్సీకి ఎక్కదు. సభారికార్డులో మాత్రము అక్షరము తప్పక నిలిచియుండును.

ఓట్లు వేయు మాలోను లోపమున్నది. దానిని దాచుట న్యాయము కాదు. సభ్యుడు పెండ్లికి వచ్చెనా, చావుకు వచ్చెనా, బదిలీకి సిఫారసు వ్రాసెనా, పోలీసుస్టేషనుకు ఫోను చేసెనా అని చూచి మంచిచెడ్డలు నిర్ణయించు అలవాటు పల్లెపట్టుల గట్టిగా నాటుకొనియున్నది. బడ్జెట్టు చర్చ జరుగుచున్న దినమున సభలో ఉన్నవాని ఇంటిముందు, వాడు ఊరిలో లేడని విసుగుకొని తిరిగిపోవువారిని చూడవచ్చును. ఆ దినమున వాడు సభలో ఏమి చేసెనో వారికి చూపునది ఏదియు లేదు గనుక వారు విసుగుకొనుట సహజమే. చూపినచో కొందరైనను వేరుగా తూకము వేయుదురని నా దృఢవిశ్వాసము. కంటికి కనబడిన పనిని మెచ్చు గుణము మా జనమునకు నిండుగా ఉన్నది.

వావిలాలవారి జీవితములో సభలోని పనియు సభవెలుపలి పనియు ఎట్లు ఒకదానితో నొకటి పెనవేసికొనియుండెనో గమనించినకొలదియు ఈ కార్యచరిత్రయొక్క అవసరము నాకు మరింత స్పష్టమగుచున్నది. తెలుగును అధికారభాషగా చేయు చట్టము 1966లో వచ్చినది, అప్పుడాయన సభ్యులు. 1972తో సభ్యత్వము ముగిసినది. 1974లో ప్రభుత్వము అధికారభాషాసంఘమును నెలకొల్పి దానికి తొలి అధ్యక్షునిగా ఆయననే నియమించినది. సభలో చట్టమై, కచేరీలలో కాగితమై పడియున్న నిర్ణయమును గుమాస్తా కలమువరకు నడిపించు భారము, ఆ చట్టము పుట్టుకను కన్నులారచూచిన మనుష్యుని భుజములపైనే పడినదన్నమాట. శాసనము చేసినవాడు ఎనిమిదేండ్లతరువాత దాని అమలును పర్యవేక్షింప బయలుదేరుట అరుదైన ఘటన. ఒక చట్టముయొక్క ఆయుర్దాయమును ఇంతకంటె దగ్గరగా చూచిన శాసనసభ్యుని నేనెఱుగను. ఆ బిల్లు చర్చాపుటలను, ఆపిమ్మటి భాషాసంఘపు పనిని ప్రక్కప్రక్కను పెట్టి చదువు భాగ్యము మా విద్యార్థులకు కలిగింపుడు; పౌరశాస్త్రమును గూర్చి పది పాఠములు చెప్పినంత ఫలము కలుగును.

మద్యనిషేధము మాటయు అట్టిదే. 1954 నవంబరులో, మద్యనిషేధ విధానముపై రేగిన వివాదము నడుమ, ప్రకాశంపంతులుగారి మంత్రివర్గము కర్నూలు సభలో ఒక్క ఓటుతేడాతో పడిపోయినది. సత్తెనపల్లి సభ్యుడు ఆనాటి సభలో ఒకరు. దాదాపు నాలుగు దశాబ్దములు గడచినపిమ్మట నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగళ్లపై తిరుగబడి రాష్ట్రమునంతను కదలించినప్పుడు, ఎనుబదియైదేండ్లు దాటిన వావిలాలవారు ఆ యుద్యమమున పాల్గొని ఊళ్లు తిరిగిరి. 1995లో నిషేధచట్టము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. ఒకే సమస్య ఒక మనుష్యునికి సభాజీవితపు తొలినాళ్లలోను వృద్ధాప్యములోను ఎదురైనది. అట్టివాని అభిప్రాయము నడుమ ఎట్లు పాకమునకు వచ్చెనో, సభలో ఏ సందర్భమున ఏమనెనో వరుసగా చదువుకొనగలిగినచో, నేడును సారాయము ఆదాయమును లెక్కవేసి బడ్జెట్టు కూర్చు ప్రభుత్వములకు అది ఎంత ఉపయోగపడునో తామే ఊహింపుడు.

ఈ సందర్భమున ఓట్ల నమోదును గూర్చి ఒక్కమాట. బిల్లులలో పెక్కు మూజువాణి ఓటుతో నెగ్గును. ఔనన్న ధ్వని యెక్కువయో కాదన్న ధ్వని యెక్కువయో సభాధ్యక్షులు నిర్ణయింతురు. ఎవరు ఏమనిరో మిగులదు. విభజన కోరి లెక్కించినప్పుడు మాత్రమే అనుకూలుర పేర్లు, ప్రతికూలుర పేర్లు రికార్డునకు ఎక్కును. అట్టి సందర్భములు కొలదియే గనుక వాటి విలువ అధికము. సభ్యుని కార్యచరిత్రలో ఈ విభజన ఓట్లు ఒక్కటియు విడువక చేరవలెను.

ఇక నా ప్రార్థనయొక్క స్వరూపము. ప్రతి సభ్యునిపేర ఒక్కొక్క పత్రము తెరచి, అందు ఆయన వేసిన ప్రశ్నలను వాటి జవాబులతోకూడ పూర్తిపాఠముగా ఉంచవలెను. పద్దులపైనను బిల్లులపైనను చేసిన ప్రసంగములకు సంపుటము, తేది, పుట సూచింపవలెను. ప్రతిపాదించిన కోత తీర్మానములు, సవరణలు, అనధికార బిల్లులు పేర్కొనవలెను. ప్రభుత్వ లెక్కల సంఘము, అంచనాల సంఘము, హామీల సంఘము మున్నగువానిలో ఎప్పుడెప్పుడు పనిచేసి ఏ నివేదికలపై సంతకము పెట్టెనో వ్రాయవలెను. హాజరైన దినములు చేర్చవలెను. ఆ సభ్యుడు అడిగి రాబట్టిన హామీలు తుదకు ఏమైనవో కూడ చెప్పగలిగినచో అంతకుమించినది లేదు. కొత్తగా ఎవ్వరును ఏమియు సృష్టింపనక్కరలేదు. శీఘ్రలేఖకులు దినదినము వ్రాసిన అక్షరములే ఆధారము. తేదీలవారీగా ఉన్నదానిని పేరులవారీగా తిరుగవేయుటయే పని.

దీనికి వచ్చు ఆక్షేపణలను నేనెఱుగుదును. అంకెలు మోసము చేయునందురు. నిజమే. నూరు ప్రశ్నలు వేసిన సభ్యుడు ఒక్క ప్రశ్న వేసినవానికంటె గొప్పవాడని నిర్ణయించుట అవివేకము. మంత్రులు ప్రశ్నలు వేయరు; సభాధ్యక్షులుగా తామును వేయరు. ప్రతిపక్షము నిరసనగా సభను వీడినప్పుడు హాజరుపట్టీలో గడి ఖాళీగా ఉండును; అనుమతి లేక అరువది దినములు రానిచో స్థానము ఖాళీ అయినట్లు ప్రకటించు అధికారమును రాజ్యాంగము 190వ అధికరణము సభకే ఇచ్చినది గనుక, ఆ లెక్క సభ ఎట్లును ఉంచుకొనుచున్నదే. అందుచేతనే మార్కులు, ర్యాంకులు, మొదటిస్థానము, చివరిస్థానము అను పోటీలు వలదని ప్రత్యేకముగా వేడుకొనుచున్నాను. పాఠమును ఇండు. విలువ కట్టు పని ఓటరుది, చరిత్రకారునిది, ఎదుటిపక్షమువానిది. అధికారపక్షమునకు అనుకూలమైన భాగములే ఏరి వేయుదురేమోయను భయము మరియొకటి. మొత్తమంతయు ఇచ్చినప్పుడు ఏరుటకు చోటుండదు.

ఈ పని ఒక్క గాంధేయవాదికొఱకు మాత్రమే కాదని తాము గ్రహింతురు. 1952లో జైలులో నుండియే నీలం సంజీవరెడ్డిగారిని ఓడించి అనంతపురమునుండి గెలిచిన తరిమెల నాగిరెడ్డిగారు, 1969లో తనంత తానుగా సభ్యత్వమును వదలుకొనువరకు సభలో చెప్పిన మాటలు ఆయన తరువాతి మార్గముతో ఏకీభవింపనివారికిని అవశ్యపఠనీయములు. సికిందరాబాదు చిలకలగూడలో దళిత కుటుంబమున పుట్టి, రిపబ్లికన్ పక్షము తరఫున ఎల్లారెడ్డినుండి 1967లోను 1972లోను గెలిచిన ఈశ్వరీబాయిగారును, వావిలాలవారును 1967 మొదలు అయిదేండ్లు ఒకే కప్పుక్రింద కూర్చుండిరి. పత్రికలవారును ప్రచురణకర్తలును తమంత తామై వెదకికొనిరాని కులములనుండి, పక్షములనుండి, ఊళ్లనుండి వచ్చిన సభ్యులకు సభారికార్డును మించిన జీవితచరిత్ర లేదు. ధనవంతుడైన నాయకుడు తన చరిత్రను అచ్చువేయించుకొనగలడు. ఈశ్వరీబాయిగారివంటివారి గొంతును అక్షరముగా దాచినది శీఘ్రలేఖకుని కలమొక్కటే. ఆనాటి సంపుటములపై నేడు హైదరాబాదు సభకును వెలగపూడి సభకును సమానమైన వారసత్వమున్నది గనుక, తెలంగాణ శాసనసభాధ్యక్షులవారితో సంప్రదించి ఇరువురును కలసి ఈ పనికి పూనుకొనుట ఉచితము.

ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి అధ్యక్షులైన అయ్యదేవర కాళేశ్వరరావుగారు గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కు. తన జీవితకథను తానే వ్రాసి మనకు విడిచివెళ్లిరి. వావిలాలవారును గ్రంథాలయములకై శ్రమించినవారే. కాళేశ్వరరావుగారు కూర్చుండిన సభాపీఠమును నేడు తామలంకరించియున్నారు. కావున ఈ కార్యమునకు తొలి సంపుటముగా, 1952 మొదలు 1972 వరకు సత్తెనపల్లి సభ్యుని ప్రశ్నలను, ప్రసంగములను, తీర్మానములను, ఓట్లను ఒకచోట చేర్చి అచ్చువేయింపవలెనని కోరుచున్నాను. మదరాసు సభకు సంబంధించిన పుటలు చెన్నపట్టణమునుండి తెప్పింపవలసియుండును. ఒక్క ఉత్తరముతో అయ్యెడి పని. తెలుగు ప్రసంగములను తెలుగుననే, ఇంగ్లీషు జవాబులను తెలుగు అనువాదముతో ప్రచురింపవలెను. ముందుమాటలకు, సందేశములకు, ఫోటోలకు పుటలు వ్యయపరుపక, విషయసూచికకును వ్యక్తినామసూచికకును ఎక్కువ పుటలు కేటాయింపవలెను; కాలువపేరు తెలిసిన రైతు ఆ పేరు పట్టుకొని తనకు కావలసిన పుటకు నేరుగా పోగలగవలెను. వెల స్వల్పముగా ఉంచి, తొలిప్రతులు సత్తెనపల్లి శాఖాగ్రంథాలయమునకును, గుంటూరు జిల్లా కేంద్ర గ్రంథాలయమునకును, నాగార్జునసాగరు కుడికాలువ క్రిందనున్న ప్రతి ఉన్నతపాఠశాలకును పంపింపవలెను. సెప్టెంబరు 17వ తేదీన ఆయన జయంతి సభలు జరుగును. ఆనాటికి అందజేయగలిగినచో పూలదండలతోపాటు ఆ పుస్తకమును పిల్లల చేతిలో పెట్టుదుము.

ఇట్లు,
తమ విధేయుడు,
పల్నాడు జిల్లా ఓటరు ఒకడు.